పట్టీలమ్మ కొలతలు

పిల్లల ఆసుపత్రి రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు మూడో గది పట్టీలమ్మది. నాలుగోది పాత ఫైళ్ల గది. అందులో నేను ఇరవై రెండేళ్లు పనిచేశాను. రెండు గదుల మధ్య ఉన్నది ఉత్త చెక్క గోడ. ఫైళ్లు మాట్లాడవు కాబట్టి, ఆ గోడ అవతలి మాటలే నాకు రోజూ తోడు. ఆమె గురించి నాకు తెలిసింది సగం అలా విన్నదే. మిగిలిన సగం, మధ్యాహ్నం తిండి డబ్బాలు ఒకే బల్ల మీద విప్పుకున్నప్పుడు ఆమె చెప్పింది.

ఆమె చదువుకున్నది తొమ్మిదో తరగతి. పదిహేడో ఏట బడి పిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో చేరి, పన్నెండేళ్లు కాలర్లు మాత్రమే కుట్టింది. "చొక్కా మొత్తం ఒక్కసారి కూడా కుట్టలేదండీ. నా చేతిలోంచి కొన్ని లక్షల మెడలు వెళ్లాయి, ఒక్క చెయ్యి కూడా వెళ్లలేదు" అనేది. షెడ్డు మూతపడ్డాక ఆసుపత్రి కుట్టు గదిలో పని దొరికింది. చిరిగిన దుప్పట్లు, ఆపరేషన్ గౌన్ల వెనక తాళ్లు, దిండు గలీబులు. అక్కడ ఇంకో నాలుగేళ్లు.

ఒకరోజు ఊపిరి డాక్టరు తనే ఆ గదికి వచ్చాడు. ఆయన పెద్దాయన. ఎవరినైనా పంపించవచ్చు గాని, నర్సులకు చెబితే చీటీ రాసుకుని మరిచిపోతారని స్వయంగా దిగాడు. చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్ ముక్కుతొడుగు, దానికి వేలాడుతూ నాలుగు పట్టీలు.

"ఇది పిల్లాడి తలకి వదులైపోతోందమ్మా. రెండంగుళాలు తగ్గించి కుట్టగలవా?"

"పిల్లాడేడండీ?"

"వాడెందుకు? పట్టీ తగ్గిస్తే చాలు."

"తల చూపించకుండా టోపీ కుట్టమంటే ఎలాగండీ? రెండంగుళాలు ఎక్కడ తీయాలి, చెవి పైనా, చెవి కిందా?"

డాక్టరు తనే వెళ్లి ఆ పిల్లాణ్ని ఎత్తుకొచ్చాడట. ఆమె టేపు పెట్టి కొలవలేదు. రెండు వేళ్లు పట్టీ కింద దూర్చి, వాడి చెవి చుట్టూ తిప్పి చూసింది. వెనక అంగుళన్నర తీసి, పైన అరంగుళం కలిపింది. అంతవరకు అది రోజూ ముక్కు మీద పుండు పెడుతూ ఉండేది. ఆ వారంతో పుండు మానింది. మూడు నెలలకి ఆమెను కుట్టు మిషనుతో సహా పైకి మార్చారు. కాగితం మీద ఆమె హోదా ఇంకేదో ఉండేది. ఆసుపత్రి మొత్తానికి మాత్రం పట్టీలమ్మే. కొత్తగా వచ్చిన ఆడపిల్లలు కొందరు కాళ్లకు పెట్టుకునే పట్టీలనుకుని ఆశగా వచ్చి, ముక్కుకి పెట్టేవని తెలిసి మొహం వేలాడేసుకునేవాళ్లు.

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు లావుపాటి పెద్దవాళ్లకే వస్తుందని చాలామంది అనుకుంటారు. పసిపిల్లలకూ వస్తుంది. గొంతులో టాన్సిల్స్ గడ్డలు పెరిగినా, పుట్టుకతో దవడ చిన్నదైనా, నాలుక వెనక్కి జారి గాలిదారి మూసుకుంటుంది. పిల్ల గురకపెడుతుంది, ఆగుతుంది, ఉలిక్కిపడి మళ్లీ పీల్చుకుంటుంది. తెల్లారేదాకా ఇదే. పొద్దున్న లేచేసరికి పడుకోనట్టే ఉంటుంది. చాలామందికి గొంతులో గడ్డలు తీసేస్తే సరిపోతుంది. సరిపోనివాళ్లకి ఈ యంత్రం. బూట్ల పెట్టె అంత ఉంటుంది. అందులోంచి ఒక గొట్టం, గొట్టం చివర ముక్కుతొడుగు. అది సన్నగా గాలి నెడుతూ ఉంటే గొంతు మూసుకుపోదు.

ఇదంతా డాక్టరు బొమ్మ గీసి చెప్పేవాడు. తల్లులు తలూపేవాళ్లు. తర్వాత పట్టీలమ్మ గదిలోకి వచ్చి మళ్లీ అడిగేవాళ్లు. ఆమె తడిపిన చొక్కా చెయ్యి ఒకటి బల్ల మీద పెట్టుకునేది. "చూడమ్మా, తడిసిన గుడ్డ, లోపల ఒకదానికొకటి అంటుకుంది. చెయ్యి దూరుతుందా? దూరదు. ఇప్పుడు ఇటు నుంచి ఊదు." తల్లి ఊదేది. గుడ్డ విచ్చుకునేది. "అంతే. ఆ మిషను చేసే పనింతే. రాత్రంతా నువ్వు ఊదలేవు గనక అది ఊదుతుంది."

ఆమెకు మూడు నియమాలుండేవి. పిల్ల మొహానికి తొడుగు బలవంతంగా పెట్టకూడదు. ఇంట్లో పిల్లకి అందరికన్నా ఇష్టమైన మనిషి ముందు తను పెట్టుకుని చూపించాలి, అందుకని పెద్దవాళ్ల కొలతది ఒక తొడుగు ఊరికే ఇచ్చి పంపేది. మళ్లీ వచ్చినప్పుడు రెండు తొడుగులూ, తెగినవైనా సరే, సంచిలో తేవాలి. ఒక తండ్రి ఆ పెద్ద తొడుగు పెట్టుకోగానే గాలి తగిలి, "నన్ను తీసెయ్యండి, నన్ను తీసెయ్యండి" అని కుర్చీతో సహా వెనక్కి పడబోయాడు. అతని కొడుకు పొట్ట పట్టుకుని నవ్వి, తన తొడుగు తనే లాక్కుని పెట్టుకున్నాడు. పట్టీలమ్మ ఆ తండ్రిని తల్లిదండ్రులందరికీ ఉదాహరణగా చెప్పేది. భయపడినందుకు ఆయనకి ఆమె దగ్గర దక్కిన గౌరవం, ధైర్యంగా ఉన్న ఏ తండ్రికీ దక్కలేదు.

ఇక చెప్పదలచుకున్న విషయం.

ఒక ఆరేళ్ల పిల్ల వచ్చింది. ఇంట్లో పిచిక అని పిలిచేవాళ్లు, మనిషీ అలాగే ఉండేది. పుట్టుకతో చిన్న దవడ. గొంతులో గడ్డలు ముందటేడే తీశారు. అయినా గంటకి పద్దెనిమిదిసార్లు ఊపిరి ఆగుతోంది. బడిలో రాస్తూ రాస్తూ పలక మీద తల పెట్టేస్తోంది. బరువు పెరగడం లేదు. గుండె మీద కూడా భారం పడుతోందని పరీక్షలో తేలింది. వెంట వాళ్లమ్మ, వాళ్లమ్మ తండ్రి. తల్లి ఒక సరుకుల గోదాములో రాత్రి డ్యూటీ చేస్తుంది. తాత ముప్పై నాలుగేళ్లు బస్సు తోలి దిగినవాడు. పిల్లని నిద్రపుచ్చేదీ, లేపేదీ ఆయనే.

డాక్టరు దాచకుండా చెప్పాడు. "రెండు నెలలు చూస్తాను. రాత్రికి కనీసం అయిదు గంటలు మిషను మీద ఉండాలి. లేకపోతే మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి, గొట్టం పెట్టి, అక్కణ్నుంచి ఊపిరి తీసుకునేలా చెయ్యాలి. ఇంకో దారి లేదు."

తల్లి కుర్చీలో కూలబడింది. తాత మాత్రం నిలబడే అడిగాడు. "ఎన్ని గంటలన్నారండీ?"

"అయిదు."

"ఎవరు చూస్తారు అయిదు అయిందో లేదో?"

"మిషనే రాసుకుంటుంది. అందులో కార్డుంటుంది."

"మా బస్సుల ట్రిప్ షీటన్నమాట" అన్నాడు తాత. ఆ మాటకి డాక్టరు నవ్వాడు కూడా.

పట్టీలమ్మ పిచిక తలకి పట్టీలు సరిచేసింది. పిల్ల కుర్చీలో బుద్ధిగా కూర్చుని, తొడుగు పెట్టించుకుని, పది లెక్కపెట్టి తీసేసింది. తాతకి పెద్ద తొడుగు ఇచ్చారు. ఆయన తనకి పెట్టుకుని హారన్ మోత చేసి చూపించాడు. పిచిక నవ్వింది. అన్నీ పద్ధతిగానే జరిగాయి.

నెల తిరిగేసరికి కార్డు తెచ్చారు. సగటున రాత్రికి ఆరు గంటల ఇరవై నిమిషాలు. ఒక్క రాత్రి కూడా ఖాళీ లేదు. పట్టీలమ్మకి కార్డులోంచి కాగితం తీయడం డాక్టరే నేర్పాడు. ఆ కాగితంలో పద్నాలుగు వరసలుంటాయి. ఆమె గంటలుండే పై వరస చూసి, కింద 'చాలా బాగా వాడుతోంది' అని రాసి సంతకం పెట్టింది. డాక్టరు ఆ సంతకం చూసి, ముందుజాగ్రత్తగా తీసి పెట్టిన ఆపరేషన్ తేదీ కొట్టేశాడు.

"బడిలో ఇంకా నిద్రపోతోందటండీ" అంది తల్లి.

"ఎన్నాళ్ల నిద్రో బాకీ ఉంది కదమ్మా. తీరనీ" అన్నాడు డాక్టరు.

తాత కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

రెండో నెల చివర మళ్లీ వచ్చారు. ఈసారి ఏడున్నర గంటలు. పట్టీలమ్మ సంచి విప్పి తొడుగులు రెండూ బల్ల మీద పెట్టింది. నేను అప్పుడే ఫైలు ఇవ్వడానికి వెళ్లి గుమ్మంలో ఉన్నాను. ఆమె కాగితం వైపు చూడలేదు. పిచిక మొహం వైపు చూసింది. గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. ముక్కు దూలం మీద బొటనవేలు రాసింది. చెవి వెనక జుట్టు తీసి చూసింది.

"రెండు నెలలు రోజూ పెట్టుకున్న పిల్ల మొహం మీద ఒక్క గీత లేదేంటమ్మా?" అంది, తల్లితో.

"మీరు పట్టీ బాగా కుట్టారు కదండీ."

"నేనెంత బాగా కుట్టినా గీత పడుతుంది. సాక్సు వేసుకుంటే కాలికి పడదా?"

తర్వాత చిన్న తొడుగు పట్టీ తీసింది. చర్రుమని ఊడే ఆ పట్టీ కొత్తగా ఎలా ఉందో అలాగే ఉంది, ఒక్క పోగు లేవలేదు. పెద్దది తీసింది. దాని అంచులు మెత్తబడి, నూగు లేచి, మెడ వెనక భాగం నల్లబడి ఉంది. అంటుకునే పళ్లలో ఏదో చిక్కుకుంది. ఆమె సూదిమొనతో మెల్లగా లాగింది. తెల్లవెంట్రుక. ఇంకొకటి. మూడోది.

మూడింటినీ తెల్లకాగితం మీద కాదు, కనపడవని, తన నీలం కొంగు మీద పెట్టింది. ఎవరి వైపూ చూడకుండా కాగితం ముందుకు లాక్కుని, ఈసారి పద్నాలుగు వరసలూ వేలు పెట్టి చదివింది. నిమిషానికి పదమూడు ఊపిర్లు. ఆరేళ్ల పిల్ల నిద్రలో ఇరవైకి అటూ ఇటూ తీస్తుంది. ఒక్కో ఊపిరికి లోపలికి వెళ్లిన గాలి పిచికంత పిచికలు ముగ్గురికి సరిపోయేంత ఉంది. రోజూ మిషను ఆగిన వేళ అయిదు, అయిదూ అయిదు, అయిదు.

"పిచిక పొద్దున్నే ఎన్నింటికి లేస్తుందమ్మా?"

"ఏడింటికి లేపినా లేవదండీ."

"మరి అయిదింటికి ఎవరు లేస్తారు?"

తల్లి తల తిప్పి తండ్రిని చూసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "నాన్నా?" అంది.

తాత చాలాసేపు తన చేతి గడియారం పట్టీ సరిచేసుకున్నాడు.

"దాని గొంతుకి కన్నం పెడతామన్నారు" అన్నాడు చివరికి. "మొదటి నాలుగు రోజులూ బతిమాలానమ్మా. పెట్టుకుంటుంది, లైటు తీసేసరికి పీకేస్తుంది. అయిదో రోజు నేను పెట్టుకుని చూపిస్తూ అలాగే నిద్రపోయాను. పొద్దున్న చూస్తే షీటులో ఏడు గంటలు పడింది. బండి తిరిగితే చాలనుకున్నాను. ఎవరు తోలారో షీటులో రాదు కదా."

"ఈ బండి వేరు తాతయ్యా. తోలినవాళ్ల ఊపిరి కూడా రాసుకుంటుంది" అంది పట్టీలమ్మ.

"నువ్వు పెట్టుకుని హాయిగా పడుకున్నావా?" తల్లి గొంతు పెరిగింది. "నా పిల్ల పక్కనే ఊపిరాడక కొట్టుకుంటుంటే, నువ్వు గాలి పీల్చుకుంటూ పడుకున్నావా?"

"హాయిగానే పడుకున్నానే" అన్నాడాయన. ఆ నిజం చెప్పడానికే ఆయనకి ఎక్కువ కష్టమైనట్టుంది. "ఇరవై ఏళ్లలో అట్లా పడుకోలేదు. అందుకే ఇంకా తప్పు చేసినట్టుంది."

పట్టీలమ్మ లేచింది. చీర సరిచేసుకుని, ఆ కాగితం, పోయిన నెల కాగితం, రెండూ తీసుకుని డాక్టరు గదికి వెళ్లింది. వెళ్లేముందు నాతో, "తలుపు దగ్గర కాస్త ఉండండి, వీళ్లు వెళ్లిపోకుండా" అంది. వాళ్లెక్కడికీ వెళ్లేలా లేరు. పిచిక తాత జేబులోంచి పెన్ను తీసి, తన అరచేతిలో బస్సు బొమ్మ గీసుకుంటోంది.

డాక్టరు గదిలో జరిగింది తర్వాత ఆమే చెప్పింది. "నేను సంతకం పెట్టింది తప్పండీ. పై వరస ఒక్కటే చూశాను" అని కాగితాలు ముందు పెట్టిందట. ఆయన రెండూ చదివి, కళ్లజోడు తీసి, "నీ సంతకం ఉందని నేను పై వరస కూడా చూడలేదు" అన్నాడట. అంతకన్నా ఎవరూ ఎవరినీ ఏమీ అనుకోలేదు. పిచికకి ఆ రోజే మళ్లీ పరీక్షలు చేశారు. రక్తంలో ప్రాణవాయువు ఇంకొంచెం తగ్గింది. డాక్టరు ఆపరేషన్ తేదీ మళ్లీ రాశాడు, ఆరు వారాల తర్వాతకి. "ఈ ఆరు వారాల్లో అయిదు గంటలు నిజంగా పడితే కొట్టేస్తాను. లేకపోతే నేనిక ఆగలేను."

పట్టీలమ్మ మర్నాడు మధ్యాహ్నం మళ్లీ రమ్మంది. తాతనీ, పిల్లనీ.

కోపగించుకుంటుందనుకున్నాను. ఆమె చేసింది వేరు. మూల ఉన్న పరీక్ష మంచం మీద దుప్పటి పరిచి, దిండు వేసి, "తాతయ్యా, చెప్పులు విప్పి పడుకోండి. పిచికా, నువ్వు రోజూ ఇంట్లో ఎట్లా పడుకుంటావో అట్లా పడుకో" అంది. అన్నేళ్లలో ఆమె గదిలో ఎవరూ పడుకోలేదు. అందరికీ కుర్చీలోనే కొలతలు తీసేది.

తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిచిక ఎగిరి మంచమెక్కి, ఆయన వీపుకి అతుక్కుంది. ముక్కూ, నుదురూ, మొత్తం మొహం ఆయన చొక్కాలో దూర్చేసింది. పట్టీలమ్మ వంగి చూసింది.

"రోజూ ఇంతేనా?"

"ఇంతే" అన్నాడు తాత, గోడతో.

"పిచికా, తొడుగు ఎందుకు పీకేస్తావే?"

పిల్ల చొక్కాలోంచే జవాబిచ్చింది. "ముక్కు ముందు గొట్టం ఉంటే తాతయ్య తగలడు."

"ఆ మాట మాకు చెప్పొద్దూ?"

"మీరు అడగలేదు."

పట్టీలమ్మ మంచం అంచున కూర్చుంది. "కుర్చీలో కూర్చోబెట్టి పడుకునే తొడుగు కొలిచాను చూడు" అంది. అది తనతోనే అన్న మాట.

తర్వాత మూడు రోజులు గోడ అవతల కుట్టు మిషను ఆగలేదు. గొట్టం ముక్కు ముందునుంచి కాకుండా నుదుటి మీదుగా నడినెత్తికి వెళ్లే రకం తొడుగు ఒకటి డాక్టరు వేరే ఆసుపత్రి నుంచి తెప్పించాడు. అది పిచిక తలకి మరీ పెద్దది. ఆమె దాని పట్టీలు విప్పేసి, మెత్తటి బనీను గుడ్డతో ఒక టోపీ కుట్టింది. నెత్తి మీద గొట్టం కదలకుండా పట్టి ఉంచే ఒక గుడ్డ మడత. వెనక ఎక్కడా ముడి లేదు. ఇక తాత చొక్కాకి ఒక పని చేసింది. వీపు మధ్యన, సరిగ్గా పిచిక నుదురు ఆనేచోట, అరచేయంత దూదిమెత్త కుట్టింది. మొహం మరీ లోతుగా దూరకుండా, తొడుగు నలగకుండా.

"నాకేంటి ఈ మూట?" అన్నాడు తాత అద్దంలో వెనక్కి చూసుకుంటూ.

"మీ సీటు కవరనుకోండి."

ఆ గదిలోనే, మధ్యాహ్నం రెండింటికి కర్టెన్ వేసి, మొదటిసారి పడుకోబెట్టారు. పన్నెండు నిమిషాలకి పిచిక పీకేసింది. రెండోసారి పావుగంట. మూడోసారి నలభై నిమిషాలయ్యాక పట్టీలమ్మే నా గదికి వచ్చి, వేలు పెదవి మీద పెట్టి, రమ్మని సైగ చేసింది. వెళ్లి చూశాను. మిషను సన్నగా బుస్సుమంటోంది. పిల్ల తాత వీపుకి ఆనుకుని, నోరు మూసుకుని నిద్రపోతోంది. తాత కళ్లు తెరిచే ఉన్నాయి. గోడకున్న ఎత్తు కొలిచే స్కేలు చదువుతున్నాడు. ఆయన చెయ్యి తిమ్మిరెక్కిందని మొహంలో తెలుస్తోంది. కదలలేదు.

ఇంటికి వెళ్లాక మొదటి వారం గంటా పది నిమిషాలు. రెండో వారం రెండున్నర. మూడో వారం పిల్లకి జలుబు చేసి మళ్లీ గంటకి పడిపోయింది. తల్లి సెలవు పెట్టి, నాలుగు రాత్రులు పక్కనే కూర్చుంది. తండ్రితో అవసరానికి మించి మాట్లాడటం లేదని తాతే చెప్పాడు. "మాట్లాడుతుందిలెండి. గంటలు పడితే మాట్లాడుతుంది." ఆయన ఇప్పుడు వారానికి రెండుసార్లు కార్డు తెచ్చి, పట్టీలమ్మ పక్కన నిలబడి, పద్నాలుగు వరసలూ చదివించుకునేవాడు.

ఆరో వారం చివర, ముగ్గురూ వచ్చారు. డాక్టరు ఈసారి కాగితం తన గదిలో చూడలేదు. పట్టీలమ్మ గదికి వచ్చి, ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఇద్దరూ పై నుంచి కిందికి చదివారు. గోడ ఇవతల నేను ఫైలు తెరిచి పెట్టుకుని ఒక్క అక్షరం చదవలేదు.

"చివరి పది రోజుల సగటు అయిదు గంటల నలభై నిమిషాలు" అంది పట్టీలమ్మ గొంతు.

"ఊపిర్లు?" అన్నాడు డాక్టరు.

"ఇరవై ఒకటి. ఇరవై. ఇరవై రెండు. చిన్నవి." కాస్త ఆగి, "పిల్లవే" అంది.

పెన్ను గీసిన చప్పుడైంది. తేదీ కొట్టేసిన చప్పుడు. కుర్చీ వెనక్కి జరిగింది. ఎవరో ఏడుస్తున్నారు, తల్లే అనుకుంటాను. "ఏడవకే, తొడుగు తడుస్తుంది" అన్నాడు తాత. "నువ్వు నోర్ముయ్ నాన్నా" అంది తల్లి. నెలన్నర తర్వాత ఆమె ఆయన్ని పలకరించిన పలకరింపు అది. తాత చాలా సంతోషపడ్డట్టు వినిపించింది.

డాక్టరు తాతకి కూడా ఒక చీటీ రాశాడు, పెద్దవాళ్ల ఆసుపత్రికి. "మీరు దొంగతనంగా వాడిన రెండు నెలల లెక్క నా దగ్గరుంది. మిషను మీద ఉండి కూడా మీకు గంటకి తొమ్మిదిసార్లు ఊపిరి ఆగింది. మీ సంగతి మీరు చూపించుకోండి."

"బస్సు తోలేటప్పుడు ఈ చీటీ రాయలేదు, నయం. ఉద్యోగం పోయేది" అన్నాడు తాత. దానికి ఎవరూ నవ్వలేదు. కాసేపటికి ఆయనే, "నయం కాదులెండి" అన్నాడు.

ఆ తర్వాత పట్టీలమ్మ గదిలోంచి కుర్చీ పోయింది. దాని స్థానంలో రెండో మంచం వచ్చింది. ఏ పిల్ల వచ్చినా ముందు, "ఇంట్లో ఎట్లా పడుకుంటావో చూపించు" అనేది. బోర్లా పడుకునేవాళ్లు, బొమ్మని కరుచుకుని పడుకునేవాళ్లు, అన్న కాలి మీద తల పెట్టేవాళ్లు. ప్రతి పడకకీ ఒక కుట్టు. మూడు తెల్లవెంట్రుకలు చాలాకాలం ఆమె దారపు ఉండల డబ్బాలో, నీలం గుడ్డముక్కకి కుట్టి ఉండేవి. ఎవరైనా అడిగితే, "అది నా సంతకం" అనేది.

తేదీ కొట్టేసిన ఆ రోజు వాళ్లు వెళ్లిపోతూండగా మెట్ల దగ్గర తాతని నేను ఒక్క మాట అడిగాను. ఇప్పుడు పొద్దున్న ఎన్నింటికి లేస్తున్నారని.

"మెలకువ అయిదింటికే వస్తుందండీ. ముప్పై నాలుగేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది?" అన్నాడు. పిచిక అప్పటికే నాలుగు మెట్లు దిగి, ఇంకా రాడేమని వెనక్కి చూస్తోంది. "నేను కదిలితే అది లేస్తుంది. ఏడింటిదాకా గోడ చూస్తూ పడుకుంటాను. డ్యూటీ అంతే."